ఏడాదికో పుస్తకం ఎవరికి బాకీ?

జనవరి వచ్చిందంటే మా కలయికల్లో ఒక ప్రశ్న తప్పదు. "ఈ ఏడు మీ పుస్తకం ఏది సార్?" అడిగేవాళ్లు ప్రేమతోనే అడుగుతారు. కానీ అది చెవిన పడగానే మాకు చిట్టీ వాయిదా గుర్తొచ్చినట్టు ఉంటుంది. గొంతు తగ్గించి "రాస్తున్నం, వస్తది" అంటాం. ఎవరికి బాకీ ఉన్నాం, ఆ అప్పు ఎప్పుడు తీసుకున్నాం అని మాత్రం మాలో ఎవరం అడగలేదు. ఇప్పుడు అడుగుదామని ఈ నాలుగు మాటలు.

మేమంటే పదిమందిమి కూడా కాము. కోయలం ఎక్కువ, నాయకపోడు మిత్రులు ఇద్దరు, లంబాడా మిత్రుడు ఒకరు. దాదాపు అందరం బడిపంతుళ్లం. పుట్టిన ఊళ్లు ఏటూరునాగారం, తాడ్వాయి, కొత్తగూడ, గూడూరు వైపు. పిల్లల చదువుల కోసం కాపురాలు హనుమకొండలో, కాజీపేటలో. రెండో శనివారం బడి ఉండదు కాబట్టి ఆ రోజు ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాం. మా పుస్తకాలు అచ్చు వేసే ప్రచురణకర్తలు మాకు లేరు. మేమే రాస్తాం, మేమే అచ్చు వేయిస్తాం, మేమే సంచిలో వేసుకుని తిరుగుతాం.

2024 జనవరిలో మాలో అందరికన్నా చిన్నవాడు ఒక చార్టు తెచ్చాడు. బడిలో గోడకు అంటించే తెల్ల చార్టే. పన్నెండు గళ్లు గీసి నెలనెలా ఏం చేయాలో రాశాడు. ఫిబ్రవరి, మార్చి: పాత నోటుబుక్కులు వెతకడం. ఏప్రిల్, మే: ఊళ్లకు పోయి పెద్దవాళ్ల దగ్గర పాటలు, కథలు రికార్డు చేయడం. జూన్ నుంచి ఆగస్టు దాకా రాత. సెప్టెంబరు డీటీపీ, అక్టోబరు ప్రూఫు, నవంబరు అచ్చు. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన. ముందు నవ్వుకున్నాం. తర్వాత, నిజమే కదా, ఇట్లా ఉంటే తప్ప మనం కదలం అనుకున్నాం. ఆ చార్టును బీరువా తలుపుకు అంటించాం.

మాకు ప్రణాళికలు కొత్త కాదు. డైట్‌లో శిక్షణ తీసుకున్న రెండేళ్లూ చేసింది అదే. వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్రణాళిక, పీరియడ్ ప్రణాళిక. గళ్లు కొట్టడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. ఉద్యోగంలో చేరాక గూడెం బడిలో మొదటి మార్చి నెలలోనే ఆ గళ్ల సంగతి తెలిసింది. ఇప్పపువ్వు రాలడం మొదలైంది. తెల్లవారకముందే ఇల్లిల్లూ గంపలు పట్టుకుని చెట్ల కిందికి పోయింది. తరగతిలో ముప్పై మందికి ఎనిమిది మంది. మా వార్షిక ప్రణాళికలో ఆ నెలకు "పునశ్చరణ" అని ఉంది. హాజరు పట్టీలో మేము రాసింది "గైర్హాజరు". పిల్లలు ఎక్కడికీ పోలేదు, ప్రతి ఏడూ ఆ నెలలో ఎక్కడ ఉంటారో అక్కడే ఉన్నారు. వాళ్లు ఎక్కడుంటారో చూసుకోకుండా గీసింది మా గడి. అయినా తప్పు పట్టీలో వాళ్ల పేరు మీదే పడింది. ఆ కాగితం మీద సంతకం పెట్టింది మేమే. అది ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది.

సరే, 2024 చార్టు సంగతి. ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. మా ఇళ్లన్నీ బంధువులతో నిండిపోయాయి, నోటుబుక్కులు ఎవరు వెతుకుతారు? ఏప్రిల్‌లో సెలవులు ఇచ్చాక ఊళ్లకు పోయాం. మాకు సెలవులు, ఊరికి అదే పని కాలం. ఇప్పపువ్వు అయిపోగానే తునికాకు. పొద్దున లేచి అడవికి పోయి ఆకు తెచ్చి, 50 ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో అప్పజెప్పి వచ్చేసరికి మనిషిలో మాట మిగలదు. అటువంటి మనిషి ముందు ఫోను పెట్టి "అవ్వా, ఒక పాట పాడు" అనడానికి మాకు నోరు రాలేదు. ఒకరిద్దరం అన్నాం కూడా. ఒక అవ్వ మా ముఖం చూసి, "నువ్వు కూడా రెండు కట్టలు కట్టు, పాడుత" అంది. కట్టాం. మా కట్టలు కల్లంలో తీసుకోలేదు. అది వేరే కథ.

మే 13న లోక్‌సభ ఎన్నికలు, ఆ డ్యూటీ. జూన్‌లో బడులు తెరిచారు. ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలి సుడి తిరిగి వేల చెట్లు కూలాయి. వార్త వినగానే కొందరం రాత పక్కన పెట్టి ఊళ్లకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. నవంబరులో సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే. మధ్యాహ్నం దాకా బడి, తర్వాత ఇల్లిల్లూ తిరగడం. డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర భూమి కదిలింది. తీవ్రత 5.3 అన్నారు. హనుమకొండలో మా గిన్నెలు కూడా చప్పుడు చేశాయి. 19న హైదరాబాదులో పుస్తక ప్రదర్శన మొదలైంది. మా పుస్తకం లేదు. చార్టులో డిసెంబరు గడి దగ్గర ఎవరో పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టారు.

ఇంతకూ మేము ఏం పోగొట్టుకున్నాం? సిగ్గు తప్ప ఇంకేం కనిపించలేదు. ఎవరైనా పుస్తకం కోసం ఎదురుచూసి నిరాశ పడ్డారా? లేదు. మరి ఆ సిగ్గు ఎక్కడిది?

దీనికి జవాబు వెతికితే మా మొదటి పుస్తకం దగ్గరికి పోవాల్సి వచ్చింది. అది 2019లో వేశాం. ఊరి పాటలు, వాటి కింద మా వ్యాఖ్యానం. డెమ్మీ సైజు, 96 పేజీలు. ప్రెస్సు భాషలో చెప్పాలంటే 6 ఫారాలు, ఫారానికి 16 పేజీలు. కొత్తగా వేయించుకునే మిత్రుల కోసం కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే మాకు ఎవరూ చెప్పలేదు. పేజీలు 16తో భాగించేలా చూసుకోవాలి, లేకపోతే తెల్ల కాగితానికి డబ్బులు కడతారు. ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసింది డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పులో ఒత్తులు ఎగిరిపోతాయి, కోయ మాటలైతే మరీ గుర్తుపట్టలేనట్టు తయారవుతాయి. ప్రూఫు మూడుసార్లు చూడాలి. అందులో ఒకసారి పైకి చదవాలి, చెవికి దొరికే తప్పు కంటికి దొరకదు. ఐఎస్‌బీఎన్ నంబరు రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది, దానికి ఎవరికీ డబ్బులు ఇవ్వకండి. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, ఇంకో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి ప్రచురణకర్త పంపాలని 1954 నాటి చట్టం చెబుతుంది. మనకు మనమే ప్రచురణకర్తలం కాబట్టి ఆ పని మనదే. హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వంటి చోట చట్టం అడగకపోయినా ఒక ప్రతి ఇస్తే మంచిది.

ఇవన్నీ తెలియక, ఆ ఏడు వేసవి సెలవులు దాటకుండా తేవాలని తొందరపడ్డాం. ఎందుకు తొందర? సభకు హాలు దొరికిందని. అంతే. 500 ప్రతులు వేశాం.

పుస్తకం తీసుకుని ఊరికి పోయాం. అందులో సగం పాటలు మా పెద్దమ్మ పాడినవి. ఆమెకు చదువు రాదు. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని, వాసన చూసి, అట్ట మీద వేలు పెట్టి అడిగింది:

"గీడ రాసింది ఎవలి పేరు బిడ్డా?"

మా పేరే అన్నాం.

"మరి నాది ఏడున్నది?"

ముందుమాటలో "పాటలు అందించిన ఊరి పెద్దలకు కృతజ్ఞతలు" అని ఉంది. ఆ వాక్యం చూపించాం. "గిందుట్ల నా పేరు యాడ?" అని మళ్లీ అడిగింది. లేదు. పెద్దలు అనే మాటలో ఆమెను కలిపేశాం. తర్వాత పాటలు చదివి వినిపించమంది. నాలుగో పాటకు రాగానే చేయి ఎత్తి ఆపింది. అది విత్తనాల పండుగ నాటి పాట. విత్తనం బయటికి తీశాకే పాడాలి. ఆమె మాకు పాడింది కూడా అప్పుడే. "చైత్రంల చదువుతున్నవు" అంది. కోపంతో అనలేదు. చెప్పుల్తో ఇంట్లోకి వచ్చిన పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

ఇక్కడ మా మిత్రుల్లో రెండు వాదనలు వచ్చాయి. ఒకరు, అచ్చయిన పాట పాడిన పాట కాదు, కాగితానికి కాలం లేదు అన్నారు. మాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. మన పండుం సంగతి తీసుకోండి. కొత్త చేయకముందు చెట్టుకు మామిడికాయ వేలాడుతున్నా కోసి తినం, పందిరికి చిక్కుడుకాయ ఉన్నా వండం. కాయ పక్వానికి రాలేదని కాదు. ముందు అడవికి, వేల్పుకు, పోయిన పెద్దలకు పెట్టి, ఊరంతా ఒకేరోజు మొదలుపెట్టాలని. ముందు పండినవాడు ముందు తినేస్తే ఆలస్యంగా పండినవాడు చూస్తూ కూర్చోవాలి. ఇది ఆగడం నేర్పే నియమం, దాంతోపాటే పంచుకోవడం నేర్పే నియమం. మేము సభకు హాలు దొరికిందని కొత్త చేయకుండానే కాయ కోసుకున్నాం.

చట్టం చెప్పేది ఇంకో తీరు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో రచయిత బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కర్త పేరు లేకుండా వచ్చిన రచనకు అచ్చయిన ఏడాది నుంచి లెక్క. ఆ లెక్కన పెద్దమ్మ వాళ్ల అమ్మమ్మకు వాళ్ల అమ్మమ్మ నేర్పిన పాట 2019లో పుట్టినట్టు. మా ప్రెస్సు బిల్లే దాని జనన ధ్రువపత్రం.

సిగ్గు ఎక్కడిదో అప్పుడు కొంచెం అర్థమైంది. మేము ఓరుగల్లు నీడలో బతుకుతున్నవాళ్లం. పొద్దున బస్సు కోటవైపు నుంచి వస్తుంది. మా పెద్దలు చెప్పుకునే కథలో ఈ ఓరుగల్లు రాజు కప్పం అడిగాడు. కరువు వచ్చింది, వాగులు ఎండాయి, పగిడిద్దరాజు కట్టలేనన్నాడు. అయినా ఏడాది తిరిగింది కాబట్టి కట్టాల్సిందే అన్నారు. దాని మీదే యుద్ధం, సమ్మక్క, సారలమ్మ, జంపన్న, ఎర్రబారిన వాగు. ఆ కథ వింటూ పెరిగి, రెండేళ్లకోసారి ఆ గద్దెల ముందు బంగారం అని బెల్లం పెట్టి వచ్చే మేము, మా రాత మీద మేమే కప్పం వేసుకున్నాం. పండినా ఎండినా ఏడాదికో పుస్తకం. అడిగే రాజు ఎవరో కూడా తెలియదు. సభల్లో "ఇప్పటికి పది పుస్తకాలు వెలువరించిన" అని పరిచయం చేస్తారే, ఆ మాట కోసమా? అయి ఉండవచ్చు. మాకు ఆ ఆశ లేదని చెప్పం.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం మాకు హాయిగా ఉంటుంది. కాలం వస్తే పండుతుంది, అందాకా ఆగుదాం అని చాప వేసుకోవచ్చు. కానీ ఆ మాటను మేము నమ్మలేకపోయాం. 2024 జూన్‌లోనే సకిని రామచంద్రయ్య పోయారు. మణుగూరు దగ్గర కూనవరం ఆయన ఊరు. కంచుమేళం మోగిస్తూ, డోలు పట్టి మన వీరుల కథలు గంటలకు గంటలు చెప్పిన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గొంతులో ఎన్ని కథలు ఉన్నాయో, అందులో ఎన్ని ఎవరికి అందాయో లెక్క కట్టినవాళ్లు ఉంటే మంచిదే. మా చార్టులో జూన్ గడిలో "రాత" అని ఉంది. ఆయన ఊరు మాకు ఒక పూట ప్రయాణం. మేము ఒక్కసారి కూడా పోలేదు. చార్టు ఉన్నందుకు కాదు, లేనందుకూ కాదు. వచ్చే నెల పోదామని.

అంటే రుతువు కోసం ఆగడం వేరు, బద్ధకానికి రుతువు పేరు పెట్టడం వేరు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. చేసేవాడికి మాత్రం తేడా తెలుస్తుంది, తెలిసి దాచుకుంటాడు. విత్తనాల పండుగ దాకా పాట పాడకూడదన్న పెద్దమ్మ ఆ పండుగకు ముందు ఊరికే కూర్చోదు. విత్తనం ఎండబోస్తుంది, పుచ్చులు ఏరుతుంది, గుమ్మి అలుకుతుంది. ఆగడంలో ఆమెకు చేతి నిండా పని ఉంటుంది. మా ఆగడంలో ఏముంది? ఫోనులో ఇతరుల పుస్తకావిష్కరణల ఫోటోలు చూడటం.

వట్టికోట ఆళ్వారుస్వామి సంగతి మేము తరచూ చెప్పుకుంటాం. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టి, ఇతరులకు వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్న మనిషి, 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. పుస్తకాలు తనే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. 'ప్రజల మనిషి' నవల రాసిన ఆయన 1961లో చనిపోయే నాటికి తన పేరుతో వేసుకున్న వాటికన్నా ఇతరుల పేర్లతో వేసినవే ఎక్కువ. మాకు అందులో ఆశ్చర్యం కలిగించేది ఆయన శ్రమ ఒక్కటే కాదు. గ్రంథమాల నడిపే మనిషికి ప్రణాళిక లేకుండా కుదరదు. కాగితం కొనాలి, ప్రెస్సుకు కట్టాలి, చందాదారుకు మాట నిలబెట్టాలి. కానీ ఆ ప్రణాళిక మధ్యలో ఉన్నది చదివేవాడు. మా చార్టులో పన్నెండు గళ్లు ఉన్నాయి, చదివేవాడికి ఒక్క గడి లేదు. పాడేవాళ్లకూ లేదు. ఉన్నదంతా మేము, మా ఫైలు, మా ప్రెస్సు, మా సభ.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నీతి అక్కడే జారుతుంది. మొదటి పుస్తకం ఖర్చుకు మేము చిట్టీ ఎత్తాం. ఆ ఏడు ఇంట్లో పిల్ల ఫీజు రెండు నెలలు ఆలస్యమైంది. అది ఇంటివాళ్లు క్షమించారు. కానీ డబ్బు తిరిగి రాబట్టడానికి మేము చేసింది క్షమించదగిందో కాదో తెలియదు. తోటి పంతుళ్లకు, ముఖ్యంగా కొత్తగా చేరిన చిన్నవాళ్లకు, జీతాల రోజున పుస్తకాలు అంటగట్టాం. కాదనలేని మనిషికి అమ్మింది అమ్మకం కాదు. బడి పిల్లల తల్లిదండ్రులకు అమ్మలేదు, ఆ ఒక్క హద్దు దాటలేదు. హద్దు దగ్గర దాకా పోయి వచ్చామన్నది మాత్రం నిజం.

ఇప్పుడు కొత్త కాగితం గీసుకున్నాం. చార్టు కాదు, నోటుబుక్కులో ఒక పేజీ. ముందు ఊరి నెలలు రాశాం. ఇప్పపువ్వు, తునికాకు, విత్తనాల పండుగ, నాట్లు, కొత్తల పండుగ. తర్వాత బడి నెలలు. ఈ రెండూ కలవని చోట్లు కనబడ్డాయి. విత్తనాల పండుగకూ జూన్ 12న బడి తెరవడానికీ మధ్య మిగిలేది కొన్ని రోజులే. పాట వినాలంటే ఆ రోజులే. ఆ రోజులను దేనికీ ఇవ్వకూడదని రాసుకున్నాం, పెళ్లిళ్లకు కూడా. తునికాకు కాలంలో రికార్డింగు లేదు. కట్టలు కట్టడం నేర్చుకోవాలి. వాన నెలల్లో రాత, ఆదివారం రెండు గంటలు. అంతకన్నా ఎక్కువ రాసుకుంటే అబద్ధమే అవుతుంది. అచ్చు ఎప్పుడన్నది రాయలేదు. రెండేళ్లు పట్టవచ్చు. అమ్మవార్లే రెండేళ్లకోసారి వచ్చి, నాలుగు రోజులు ఉండి, తిరిగి అడవికి పోతారు. మాకు ఏటేటా రావాల్సిన తొందర ఏముంది? ఈ మాట చెప్తే మా చిన్న మిత్రుడు, "మళ్లీ సాకు దొరికింది సార్" అన్నాడు. అతను అనడం మంచిదే. ప్రతి రెండో శనివారం ఆ నోటుబుక్కు అతని చేతికి ఇచ్చి, ఎవరు ఎవరి దగ్గరికి పోయారో, ఏం విన్నారో చదివించుకుంటున్నాం. పేజీలు ఎన్ని రాశావని అడగడం మానేశాం. 2026 జనవరి 28 నుంచి 31 దాకా జాతర కాబట్టి ఆ నెల గడిలో ఏమీ పెట్టలేదు.

పోయిన నెల పెద్దమ్మ దగ్గరికి పోయాం. రెండో పుస్తకానికి పాటలు అడిగాం. విత్తనం బయటికి తీసినంక రమ్మంది. తన పేరు అట్ట మీద ఉండాలంది, సరే అన్నాం. రెండు పాటలు వినడానికే గానీ రాయడానికి కాదు, అప్పుడు ఫోను బయట పెట్టాలంది, దానికీ సరే అన్నాం. ఎన్ని బుక్కులు వేస్తారని అడిగింది. ఈసారి 200 చాలనుకుంటున్నామని చెప్పాం.

"మునుపటియి ఒడిసినయా?"

ఒడవలేదు. ట్రంకుపెట్టెలో ఇంకా 140 ఉన్నాయి. చెప్పక తప్పలేదు.

"అండ్ల నా పేరు రాసి తీస్కరా. పండుగకు ఆడివిల్లలు అస్తరు, నేనే పంచుత."

నాలుగో పాట సంగతి అడిగాం. పండుగ నాడు ఇస్తే పండుగ పాటే కదా అంది. ఇప్పుడు ఆదివారం రెండు గంటలూ అదే పని. నల్ల పెన్నుతో, మా పేరు కింద, ఒక్కో ప్రతి మీద ఆమె పేరు రాస్తున్నాం. అట్ట నున్నగా ఉంది కదా, సిరా తొందరగా ఆరదు. ఒకటి ఆరేదాకా ఇంకోటి దాని మీద పెట్టకూడదు. నిన్నటికి 62 అయ్యాయి.